మిద్దె మీద ఎండబెట్టిన బ్యాటరీ

ఈ ఉదయం నంద్యాలలో మా మిద్దె ఎక్కి, మిరపకాయలు ఎండబోసిన చాప అంచులన్నీ ఎత్తి చూశాను. కింద నుంచి మా ఆవిడ నవ్వింది. "ఏం పెట్టలేదులేయ్యా, దిగు." నాకు నమ్మకం కుదరలేదు. పోయిన ఏడు ఇదే చాప మీద ఆమె నా బ్యాటరీని ఎండబెట్టింది.

అది మా బావమరిది సైకిలు దీపం కోసం నేను కట్టిన బ్యాటరీ. బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఎండెక్కితే రాయి మీద చెయ్యి ఆనదు కాబట్టి, కోడి కూయకముందే సైకిలెక్కి ఊరి బయట ఉన్న తన పందిరికి పోతాడు. ఒకనాడు చీకట్లో దారిలో పోసిన కంకర కుప్ప మీదికెక్కించి మోచెయ్యి చీరుకున్నాడు. అంతే, చూపు తగ్గింది ఇంక పని చాలించమని ఇంట్లో వాళ్ళు సైకిలుకు తాళం వేశారు. కొడుకు బండి మీద దించుతానన్నాడు గానీ, ఆ మహానుభావుడు లేచేసరికే ఎండ చుర్రుమంటుంటుంది. పందిట్లో కొలిమిగుండ్ల వైపు పల్లె గుడికి పోవాల్సిన నంది సగంలో ఉంది. "బావా, ఈ నందికి కండ్లు తెరిచేదాకన్నా నన్ను పోనీమని చెప్పు," అన్నాడు ఫోనులో. ఎగతాళి తప్ప ఇంకో మాట రాని మనిషి అట్లా అడిగేసరికి ఆ తాళం తీయించే పని నా మీద వేసుకున్నాను.

తాళం తీయాలంటే దారి కనబడాలి, దారి కనబడాలంటే మంచి దీపం ఉండాలి. ఇంట్లో మూలపడ్డ ల్యాప్‌టాప్ బ్యాటరీ తీసుకుని కంప్యూటర్లు బాగుచేసే అంగడికి పోతే, కుర్చీలోని ఆసామి చేత్తో కూడా ముట్టకుండా "పనికిరాదు పెద్దాయనా, పారెయ్" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పుడు బడిలో నన్నూ అట్లాగే అన్నారు. పొట్లాలు కట్టిన కాగితాలు చదివి, పాడైన రేడియోలు విప్పి నేర్చుకున్నవాణ్ణి నేను, విప్పకుండా ఎట్లా తెలుస్తుంది? ఇంటికొచ్చి విప్పాను. లోపల బొటనవేలంత లావు సెల్లులు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే చచ్చింది ఒక జతే. తక్కినవన్నీ బతికే ఉన్నాయి! ఇన్నాళ్ళూ చప్పుడు చెయ్యకుండా, ఎవరో వచ్చి అడుగుతారని కాచుకున్నట్టు. సమానమైన బలం ఉన్న మూడింటిని ఏరి కలిపి, అవి మితిమీరి తాగకుండా, పూర్తిగా ఎండిపోకుండా కాపలా కాసే చిన్న పచ్చ సర్క్యూట్ బిళ్ళ తగిలించి, బోరు పైపు ముక్కలో దూర్చాను.

తెల్లారి చూస్తే పైపు లేదు. మిద్దె మీద, మండు వేసవిలో, మిరపకాయల పక్కన ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది, లోపలి జిగురు కరిగి కారుతోంది.

"కొంప తగలబెడతావా!" అని అరిచాను.

"ఏందీ ఆ అరుపు? ఎండలో పెడితే ఇంకా బలమొస్తాదని పెట్టినా. మా నాయన బ్యాటరీ లైటు సెల్లుల్ని అట్లనే ఎండబెడతాండె. మడికి నీళ్ళు కట్టను పోయినప్పుడు మళ్ళా ఎలిగేది." చాప సర్దుతూ, "మా తమ్ముడు మళ్ళా పడకూడదు గదా," అంది.

ఆ పాత సెల్లులు వేరు, ఇవి ఎండకు పేలిపోయే రకం అని చెప్పబోయి మానుకున్నాను. మా మిద్దె మీది సోలార్ పలకల్లో మాత్రం ఎండ తాగి బలం తెచ్చుకునే సెల్లులు లేవా? కాలిన వాటిని పక్కనపెట్టి, మిగిలిన వాటిలో ఏరి మళ్ళీ కట్టాను.

ఆళ్ళగడ్డలో, బావమరిది భార్య ముందు పరీక్ష. పడితే ఇద్దరం పడతామని మాటిచ్చి, వెనక క్యారియర్ మీద నేను కూర్చున్నాకే ఆమె తాళం తీసింది. ఇంకా చీకటే. దీపం వేయగానే దారి బట్ట పరిచినట్టు తెల్లగా పరుచుకుంది. గుంతలు, కంకర రాళ్ళు, అన్నీ కనబడ్డాయి. "బావా, నువ్వు నంది కంటే బరువుండావ్!" అని మావాడు రొప్పుతూనే ఎగతాళి మొదలుపెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను.

పందిరి దగ్గర సైకిలును నందికి ఆనించాడు. వెలుగు రాతి చెంప మీద ఏటవాలుగా పడింది. పగలు నున్నగా ఉండే ఆ ముఖం మీద ప్రతి ఉలి దెబ్బా నీడతో లేచింది. మెడ కింద ముడతలు ఊపిరి తీస్తున్నట్టున్నాయి. బావమరిది వేలితో కంటి కింద తడిమాడు. "ఈడ గుంతుంది బావా. ఇన్నాళ్ళు పగలు చూస్తాండా, కనపల్యా." నేలమీద కూర్చుని ఉలి తీసుకున్నాడు. పొద్దు పొడిచేదాకా ఆ గుంత చుట్టూ చెక్కుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆ సైకిలుకు మళ్ళీ తాళం పడలేదు.

నంది కళ్ళు తెరిచి తన గుడికి పోయింది. నిన్న మళ్ళీ ఫోను వచ్చింది. "బావా, ఎలుగు సన్నబడింది. మా అక్క చేతికిచ్చి ఎండబెట్టించేదా?" బ్యాటరీని బస్సులో పంపించాడు. అది మళ్ళీ చాప కింద ఎండుతుందేమోనని, అందుకే ఈ ఉదయం నేను మిద్దె ఎక్కింది. కొత్తగా వేసే సెల్లులు కూడా ఒకనాటికి సన్నబడతాయి, వాడి చూపూ నా చేతులూ అంతే. ఆ పల్లె గుడిలో నంది మాత్రం, మేము చూపిన ఆ కాస్త వెలుగుకు తెరిచిన కళ్ళతో, మమ్మల్ని దాటి పోయే ఏళ్ళన్నిటినీ రెప్ప వేయకుండా చూస్తూనే ఉంటుంది.