కప్పతల్లిని గుట్ట ఎక్కించిన ఏడు

ధర్పల్లి వైపు మా మేనత్త ఊరి గుట్ట మీద ఉండే కప్ప, చెరువు కప్ప కాదు. ఒళ్ళు గరుకు, రంగు మట్టిది, కాళ్ళు పొట్టి. గెంతడం తక్కువ, నడక ఎక్కువ. పగలంతా బండల సందుల్లోని చెమ్మలో దాగి, గుడ్లు పెట్టడానికి మాత్రమే తొలకరి నీటిలోకి దిగుతుంది. పట్టుకుంటే ఉబ్బి, కళ్ళ వెనుక గడ్డల నుంచి పాల వంటి రసం విడుస్తుంది. ఇవి నేను కళ్ళారా చూసినవి, విన్నవి వదిలేశాను.

1972లో నేను చెరుకు తోటల పర్యవేక్షణ ఉద్యోగిని. రోజూ ఉదయం ఎనిమిదింటికి వానమాపకం చూడడం కూడా నా పనే. మృగశిర, ఆరుద్ర కార్తెలు రెండూ ఎండగానే పోయాయి. అత్త బావి అడుగంటింది. ఆమెకున్న ఒక్క ఎకరం చెరుకు ఆకుల కొసల నుంచి ఎండసాగింది.

ఊరి ఆడవాళ్ళు కప్పతల్లి ఆడాలనుకున్నారు. కప్పను వేపాకుతో బట్టలో కట్టి, రోకలికి వేలాడదీసి తిప్పితే, ఇంటింటా దానిమీద చెంబెడు నీళ్ళు పోస్తారు. చివర దాన్ని ప్రాణంతో చెరువులో వదలాలి. చస్తే వాన రాదని నమ్మకం. ఆ ఏడు చెరువులో కప్పే దొరకలేదు. అత్త అడిగితే, గుట్ట మీద తడి మిగిలిన ఒక సందులోంచి నేనే ఒకదాన్ని తెచ్చాను.

తిప్పడం ముగిసి అందరూ చెరువు దారి పట్టగా ఆపాను.

"అత్తా, చెరువు నెర్రెలు బాసింది. అండ్ల ఇడిస్తే సస్తది. గుట్ట మీదనే ఇడువాలె."

రోకలి మోస్తున్న ముసలమ్మ నవ్వింది. "కప్పతల్లిని గుట్టెక్కిస్తవా? గింత సదివి గిదేనా నేర్సింది? రేపు బర్రెను మిద్దెక్కియ్యమంటవ్!"

"నవ్వకు అవ్వా," అంది అత్త. "ఎండేది నా చెరుకు." రోకలి నుంచి కప్ప మూట విప్పుకుని, చెంబు నిండా నీళ్ళు పట్టుకుని నాతో గుట్ట ఎక్కింది.

సందు దగ్గర బట్ట తీస్తే కప్ప కదలలేదు. అత్త చెంబులో నీళ్ళు దానిమీద కొన్ని, సందులో కొన్ని పోసింది. కాసేపటికి అది వెనక కాళ్ళతో మట్టి తోసుకుంటూ లోపలికి జారిపోయింది.

"బతికింది," అని అత్త కింద పచ్చదనం పోతున్న తన ఎకరాన్ని చూసింది. "పొద్దుగాల నీ వాన డబ్బల ఎంత వడ్డది?"

"సున్న."

"రేపు?"

"రేపటిది రేపే చెప్త."

"చెప్పు. గప్పటిదాక చెరుకు కొయ్య, కొడవలి వట్టను."

మరునాడు ఎనిమిదింటికి కూడా సున్నే. వెళ్ళి చెప్పాను. అత్త కొడవలి తీసుకుని చేనులోకి దిగి, ఇంకా పచ్చిగా ఉన్న చెరుకును అదీ ఎండకముందే బర్రెల మేతకు కోసింది.