అమ్మ పట్టిన ఈగ

ఆ రోజుల్లో నాకు తెలియని జీవి ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ జువాలజీ పట్టా చేతికొచ్చి ఏడాదైనా ఉద్యోగం మాత్రం రాలేదు (ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అత్తయ్య చాటుగా అనేదట). చివరికి బందరులో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు డెమో క్లాసుకు పిలిచారు. ఉన్నది ఒక్క పోస్టు, వచ్చేది నలుగురం. నాకిచ్చిన పాఠం మిమిక్రీ, అంటే బతకడానికి ఒక జీవి ఇంకో జీవిలా వేషం కట్టడం. మిగతావాళ్ళు బోర్డు మీద బొమ్మ గీస్తారు కదా, నేను ప్రాణంతో చూపించి దుమ్ము దులిపేద్దామనుకున్నాను. బంటుమిల్లిలో మా పెరటి బంతిపూల మీద అచ్చం తేనెటీగలా చారలేసుకుని తిరిగే ఈగలుంటాయి. పాపం, వాటికి కుట్టడం చేతకాదు, ఉన్నదల్లా ఆ వేషమే. ముందురోజు సాయంత్రం మూడింటిని వెడల్పు మూతి పచ్చడి సీసాలో పట్టి, గుడ్డ కట్టి, అమ్మకు చూపించి బోలెడు గొప్పలు పోయాను.

మర్నాడు క్లాసులో ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే, మోసపోకుండా లెక్కపెట్టుకోవాలని పిల్లలకు చెప్తూ, వాళ్ళ వైపే చూస్తూ, సీసాలో చెయ్యి పెట్టి పిడికిట పట్టాను. నేను మాత్రం లెక్కపెట్టలేదు. అరచేతిలో నిప్పు పెట్టినట్టయింది. అది అసలు సిసలు తేనెటీగ! కేక వేస్తే ఉద్యోగం గోవిందా. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వుతూ, ఇది ఏమీ చెయ్యదని చెప్పి, పాఠమంతా పిడికిలి బిగించే పూర్తిచేశాను. పిల్లలు వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు దగ్గరకొచ్చారు.

"పాఠం బాగుందమ్మా. సోమవారం నుంచి రండి. ముందా పిడికిలి విప్పండి, సున్నం తెప్పిస్తాను."

ఇంటికొచ్చి ఉద్యోగం కబురూ, వాచిన చెయ్యీ రెండూ అమ్మ ముందు పెట్టాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత తప్పు చేసినదానిలా కొంగు చాటు నుంచి తన చెయ్యి బయటికి తీసింది. అదీ బూరెలా పొంగి ఉంది. తెల్లారేసరికి నా ఈగలు మూడూ చచ్చిపడి ఉన్నాయట. అది చూస్తే నేను డీలా పడిపోతానని, నన్ను లేపకుండా గుమ్మడిపాదు దగ్గరకెళ్ళి, ఒకటి కుట్టినా మానకుండా, ఇంకోదాన్ని పట్టి సీసాలో వేసింది.

"పెద్ద చదువుల ఈగ కదా, కుడుతుందేమో అనుకున్నానే. ప్రార్థన చేసుకుని బయల్దేరేదాన్ని కంగారుపెట్టడం ఎందుకని ఊరుకున్నా" అంది.

ఇప్పుడు నేను కూడా బోర్డు మీద బొమ్మే గీస్తాను. అన్నీ తెలుసనుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. అమ్మ మాత్రం నలుగురిలో ఆ మాట వచ్చినప్పుడల్లా, నేను పట్టినవి చచ్చాయనీ, నాకు ఉద్యోగం తెచ్చింది తన ఈగేననీ చెప్పుకుంటుంది. అది ఈగ కాదమ్మా అని ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అనలేదు.