తలుపు తీసే బటన్

మంచం పక్కన కుర్చీలో మా ఆయన, స్పీకర్ ఫోన్‌లో హైదరాబాద్ నుంచి మా తమ్ముడు, ఇద్దరూ కలిసి చాలాసేపు నా తలుపు గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో పడుకుని ఉన్న నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు.

స్కూటీ మీద బడికి వెళ్తూ కాజీపేట దగ్గర పడిపోయాక నాకు నడుము కింద స్పర్శ పోయింది. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారాలన్నా ఒకరు పట్టుకోవాలి. మా ఆయన పొద్దున్నే ఎరువుల దుకాణానికి పోతే మళ్ళీ సాయంత్రమే. మొదట్లో నాకు కావాల్సినవన్నీ మంచం దగ్గర పెట్టి, బయట తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోయేవాడు. వచ్చినవాళ్ళు తాళంకప్ప చూసి ఇంట్లో ఎవరూ లేరనుకుని తిరిగిపోయేవాళ్ళు. నేను లోపలి నుంచి "ఉన్న, ఉన్న" అని అరిచేదాన్ని. నాతో పాటు లెక్కలు చెప్పిన టీచరు ఒకామె కూతురి పెళ్ళిపత్రికను ఆ తాళానికి గుచ్చి పోయింది. సాయంత్రం మా ఆయన దాన్ని తెచ్చి నా చేతికిస్తే, చదవకుండానే చింపేశాను. పాపం, ఆమె చేసిన తప్పేముంది?

ఆ సంగతి విని తమ్ముడు ఒక తెల్లటి డబ్బా తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాడు. లైట్లు, ఫ్యాను, తలుపుకు బిగించిన కొత్త తాళం, అన్నీ వైరు లేకుండా ఆ డబ్బా చెప్పినట్టు వింటాయి. నా దిండు పక్కన చిన్న బటన్ అంటించాడు. దాన్ని నొక్కితే డబ్బా తాళానికి చెప్పేది, తలుపు టక్కున తెరుచుకునేది. సాయంత్రాలు పదో తరగతి ఆడపిల్లలు లెక్కలకు రావడం మొదలుపెట్టారు. "ఎవలు?" అని కేకేసి, గొంతు గుర్తుపట్టి, నేనే తలుపు తీసేదాన్ని. నా ఇంట్లోకి ఎవరు రావాలో నేను చెప్పడం ఎన్నాళ్ళకో! కాకపోతే ఒకటుంది. డబ్బాను నడిపే యాప్ వాళ్ళిద్దరి ఫోన్లలో ఉంది. నాకు మాత్రం బటన్ ఇచ్చారు.

ఈమధ్య ఆ బటన్ సతాయించడం మొదలుపెట్టింది. ఒకసారి నొక్కితే పలికేది కాదు, నొక్కగా నొక్కగా తెరుచుకునేది. అప్పుడే మా ఆయన ఫోన్‌లో ఆ కబురు వచ్చింది, డబ్బా వైర్‌లెస్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఉందని. నా మంచం దగ్గర జరిగిన పంచాయితీ దాని గురించే.

"చేసెయ్ బావా. పాతది ఉంచితే ఎవడన్న దాంట్ల దూరొచ్చు. అక్క బటన్ సతాయించుడు గూడ పోతదేమో," అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడైతే నడుస్తాంది గదా. కింద ఏం రాసిండ్రో సూడు. పాత సామాన్లు కొన్ని మల్ల జోడియ్యాల్సి రావొచ్చట. జోడైతయో లేదో గూడ చెప్పలేరట. ఒకసారి చేసినంక ఎనకకు మల్లరాదట," అన్నాడు మా ఆయన.

ఇద్దరిదీ నిజమే. చేస్తే తలుపు బాగుపడొచ్చు, ఉన్నది కూడా పోవచ్చు. పోతే మళ్ళీ ఆ తాళంకప్పే.

"ఏది, నేను సూస్త, ఇటియ్యుండ్రి," అన్నాను.

"నీకెందుకే పరేషాన్? మేం సూసుకుంటం గదా," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నాలుగు ముక్కలు చదివితే పరేషాన్ అవుతానట!

ఆ వారం మా వదినె, అంటే మా ఆయన అక్క, మరిపెడ నుంచి వచ్చింది. ఆదివారం సాయంత్రం మా ఆయన చర్చిలో కూడికకు పోయాడు. నేనూ వదినె కలిసి ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నాం. ఉన్నట్టుండి ఉరిమింది. వదినె ప్రార్థన మధ్యలోనే లేచింది. ఒకసారి ఉరుములకు వాళ్ళింట్లో కొత్త టీవీ కాలిపోయింది. అప్పటి నుంచి ఆకాశం గొంతు సవరించుకున్నా చాలు, ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకేస్తుంది. మా దగ్గర అందరం చేసేదే. టీవీ అయింది, ఫ్రిజ్ అయింది, ఫోన్ చార్జర్ అయింది.

"గా తెల్లడబ్బది గూడ పీకు వదినే," అన్నది నేనే. ఎప్పుడూ పీకించేదాన్నే. వాన వెలిశాక పెడితే మామూలుగా పనిచేసేది.

ఈసారి చేయలేదు. వాన తగ్గాక ప్లగ్గు పెడితే ఎర్రలైటు వెలిగి అలాగే ఉండిపోయింది. నా బటన్ నొక్కాను, నొక్కాను, వేలు నొప్పి పెట్టింది. తలుపు కదల్లేదు. మా ఆయన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చి, డబ్బా చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఎవలు పీకిండ్రు దీన్ని? అప్‌డేట్ పెట్టి పోయిన. మధ్యల కరెంటు తియ్యొద్దని ఫోన్ల రాసున్నది!"

"ఎవల ఫోన్ల?" అన్నాను.

 ముందురోజు రాత్రి నేను పడుకున్నాక, అప్‌డేట్ చేసేద్దామని తమ్ముడూ తనూ ఫోన్‌లో అనుకున్నారట. కోపం వస్తే అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు. నా అరికాళ్ళకు ఏమీ తెలియదు, అయినా ఆ మంట ఎక్కడ పుట్టిందో గాని నెత్తికెక్కింది. నా కళ్ళముందే పీకింది వదినె. నా నోటితో నేనే పీకమన్నాను. పోయేముందు గుమ్మంలో నిలబడి "దాన్ని ముట్టుకోకుండ్రి" అని ఒక్క మాట చెబితే వాళ్ళ సొమ్మేం పోయేది? పైగా నన్నే అడుగుతాడు, ఎందుకు పీకమన్నవని.

"అయిందేదో అయింది. వచ్చే ఆదివారం బామ్మర్ది వస్తడు. అందాంక నేనున్న గద, నేను దీస్త తలుపు."

"మీరు లేనప్పుడే గదా నాకది గావాల్సింది!"

 ఆయన కుర్చీ ఎక్కి, అటక మీంచి పాత తాళంకప్ప దించాడు. ఆ కొత్త తాళాన్ని ఇక నమ్మలేనని, వదినె ఊరికి పోయాక ఇదే అక్కరకొస్తుందని దాంట్లో కొబ్బరినూనె చుక్కలు వేసి, చెవి అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పినప్పుడల్లా టక్, టక్ మని చప్పుడు. నేను గోడవైపు మొహం తిప్పుకుని ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను.

మర్నాడు ఆయన దుకాణానికి పోగానే వదినెను పిలిచి డబ్బాను నా ఒళ్ళో పెట్టమన్నాను. తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఆదివారం నేనొస్త గదక్కా."

"నువ్వు ఆదివారం దాంక తాళమేసిన ఇంట్ల ఉంటవారా? చెప్పు, ఎట్ల చెయ్యాల్నో."

చెప్పాడు. వెనకాల చిన్న రంధ్రంలో సూదిలాంటిది గుచ్చి పట్టుకోవాలి. వదినె కొంగుకున్న పిన్నీసు తీసిచ్చింది. ఎర్రలైటు ఆరి, కాసేపటికి తెల్లలైటు వచ్చింది. లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ డబ్బా ఎవరిదో వాళ్ళ ఫోన్ నంబరు ఇవ్వమని అడిగింది. ఇంతకుముందు అక్కడ మా ఆయన నంబరు ఉండేది. నాది కొట్టాను.

వెంటనే అదే ప్రశ్న, ఈసారి నా ఫోన్‌లో. కొత్త సాఫ్ట్‌వేర్ ఉంది, ఇప్పుడు చేయాలా, తర్వాతా? వాళ్ళు జేబులో దాచుకున్న నాలుగు ముక్కలూ మొదటిసారి మొత్తం చదివాను. పాతదానితో తాళం ఎలాగూ సతాయిస్తోంది. ఇప్పుడు డబ్బాకు ఏదీ జోడై లేదు, కాబట్టి తెగిపోయేది కూడా ఏమీ లేదు. ముందు అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే తాళం కలపాలి. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. అంతకంటే ఆలోచించేదేముంది? ఇప్పుడే అని నొక్కాను.

"వదినే, ఆ ప్లగ్గు కాడ కూసో. ఆకాశం ఇరిగి మీద పడ్డా పీకకు."

"నేను పీక, ఎవల్ని పీకనియ్య," అని గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిట్ట వాలినా కొట్టేలా ఉంది.

అది అయ్యాక వదినె తాళం దగ్గరికి పోయింది. నేను చెబుతూ ఉంటే తాళం మీది రంధ్రంలో పిన్నీసుతో గుచ్చింది. నా బటన్ వెంటనే కలిసింది. మంచం పక్కనున్న లైటు ఎంత చేసినా కలవలేదు, పోతే పోయింది. తాళం కూడా మొదట మొండికేసింది.  మళ్ళీ గుచ్చమన్నాను, మళ్ళీ. చివరికి కలిసింది. బటన్ ఒక్కసారి నొక్కాను. టక్కున తెరుచుకుంది. వదినె గుమ్మంలో నిలబడి తలుపు వేయడం, నేను తీయడం, కాసేపు ఇద్దరం అదే ఆట ఆడాం.

ఆ రాత్రి అన్నం దగ్గర వదినె మా ఆయన ముందే తాళంకప్ప తీసి తన సంచిలో వేసుకుంది. "మా బర్ల కొట్టానికి కప్ప లేదురా. గొడ్లకైతే ఇది మంచిగనే ఉంటది," అంది. ఆయన తలెత్తలేదు.

వదినె ఊరికి పోయిన రోజు సాయంత్రం బయట బెల్లు మోగింది. పిల్లలు వచ్చి పోయారు, ఇప్పుడెవరా అని "ఎవలు?" అని కేకేశాను.

"నేనే," అన్నాడు మా ఆయన.

తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ఇంటి బెల్లు ఆయన కొట్టడం నేను వినలేదు. బటన్ మీద వేలు పెట్టి ఆగాను. కాసేపు బయటే నిలబడనీ అనుకున్నాను. ఆయన రెండోసారి బెల్లు కొట్టలేదు, చెవీ తీయలేదు, ఊరికే నిలబడ్డాడు. అప్పుడు నొక్కాను.