బుగ్గ లోపలి పొర

జయశీల ఇరవై రెండేళ్లుగా మనుషుల నోళ్లతోనే బతుకుతోంది. అలాగని ఆమె పంటి డాక్టరు కాదు. శంషాబాద్ అవతల ఉన్న ఒక దంత వైద్య కళాశాలలో, నోటి కణజాలాన్ని పరీక్షించే విభాగంలో టెక్నీషియన్. డాక్టర్లు నోట్లోంచి తీసి పంపిన మినపగింజంత ముక్కను మైనంలో పోత పోసి, యంత్రం మీద వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తి రంగులద్దడం ఆమె పని. కణాల నడిమి కేంద్రకాలకు ఊదారంగు, మిగతా అంతటికీ గులాబీరంగు. దాన్ని మైక్రోస్కోపు కింద చూసి రోగమేదో తేల్చేది మాత్రం డాక్టర్లే.

ఈ తేడా ఆమె చుట్టాలకు ఏనాడూ తలకెక్కలేదు. మామిడిపల్లి చర్చిలో ఆదివారం ప్రార్థన ముగియడం ఆలస్యం, ఎవరో ఒకరు నోరు తెరుచుకుని ఆమె ముందు నిలబడేవారు.

"జయక్కా, గీ పన్ను జర చూడవా, ఒకటే గుంజుతున్నది."

"నేను పండ్లు చూడనమ్మా, దవాఖానకు పో" అని చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది. పోనీ తెలిసిన నాలుగు ముక్కలు చెబుదామంటే, అదే మనుషులు "నువ్వేమన్నా డాక్టర్‌వా?" అని ఎదురు అడిగేవారు.

అందరికన్నా ఎక్కువగా ఆమెను విసిగించినవాడు సొంత తమ్ముడు డానీ. ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, డానీ కోడికూర పక్కకు నెట్టి పెరుగన్నం కలుపుకున్నాడు.

"చూసినవా వదినా, రెండు నెలల నుంచి గిదే కథ" అంది అతని భార్య రెబెక్కా. "కారం కారం అంటడు. సగం చెంచా కూడ ఎయ్యలేదు నేను."

జయశీల కూర రుచి చూసింది. నిజంగానే కారం లేదు. అప్పుడు తమ్ముడి వైపు సరిగ్గా చూసింది. అతను చిన్నపిల్లలకు పెట్టే ముద్దంత చేసి, దాన్ని వేలితో లోపలికి తోస్తున్నాడు.

"నోరు తెరువు."

"తినేటప్పుడు ఏంది అక్కా గిది?"

"తెరువురా!"

తెరిచాడు. ఇంకా తెరవమంది. గంతే వస్తదన్నాడు. మూడు వేళ్లు కలిపి నిలువుగా పళ్ల మధ్య పెట్టమంది. రెండు వేళ్లు పట్టాయి, మూడోది పట్టలేదు. అదేదో ఆట అయినట్టు డానీ నవ్వాడు. జయశీల సెల్‌ఫోన్ లైటు వేసి బుగ్గ లోపల చూసింది. గులాబీరంగులో తడితడిగా ఉండాల్సిన పొర, పాలరాయిలా తెల్లబారి ఉంది. వేలు పెట్టి తడిమితే లోపల నిలువునా తాళ్లు బిగించినట్టు తగిలింది.

"గుట్కా ఎప్పటినుంచిరా?"

"ఫ్లైట్ లేటయితే నిద్ర రాకుండ ఒకటో రెండో…"

"రెండా?" రెబెక్కా అందుకుంది. "పొద్దుగాలనే అయిదు అయితయి వదినా!"

జయశీల తనకు తెలిసిందంతా చెప్పింది. బుగ్గ లోపలి పొర కింద మెత్తటి దారాలుంటాయని, గుట్కాలోని వక్కపొడి వాటిని తాళ్లలా పేనేస్తుందని, ఆ తాళ్లు నెత్తురు నాళాలను ఒత్తేస్తాయని, పైపొర పల్చబడి చిటికెడు కారానికే మండుతుందని, కొందరిలో అది క్యాన్సర్‌గా కూడా మారుతుందని. డానీ పెరుగన్నం పూర్తి చేసి చెయ్యి కడుక్కున్నాడు.

"అక్కా, నువ్వు గాజు ముక్కలు కడిగేటిదానివి. డాక్టర్ లెక్క మాట్లాడకు."

ఆమె ప్లేటులోని అన్నం అలాగే వదిలి లేచింది. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాటే తిప్పి తిప్పి తలుచుకుంది. వాడికి పలకాబలపం పట్టించింది తను. నాన్న తోమాసు పోయాక వాడి ఫీజులు కట్టింది తను. ఇరవై రెండేళ్లలో ఎన్ని వందల బుగ్గలు కోసిందో లెక్కే లేదు. అవన్నీ గాజు ముక్కలు!

తర్వాత మూడు నెలలు ఫోన్ చేస్తే కట్ చేశాడు. వాట్సాప్‌లో గుట్కాతో పాడైన నోళ్ల బొమ్మలు పంపితే దండం పెడుతున్న చేతుల గుర్తు పంపాడు. చివరికి ఆమె, తమ కాలేజీలోనే ఆఖరి సంవత్సరం చదువుతున్న మనీషా అనే అమ్మాయిని పట్టుకుంది. పరీక్షకు ముందు చూపించాల్సిన రికార్డులో మనీషాకు ఒక రోగి కేసు తక్కువైంది.

"మా తమ్ముడున్నడు. నేను పిలిస్తే రాడు. నువ్వు పిలువు."

మనీషా డానీకి ఫోన్ చేసి అతని క్యాబ్‌లోనే కాలేజీకి వచ్చింది. దారిలో, "అన్నా, పది నిమిషాలు లోపలికి వస్తారా? ఒక కేసు చూపించకపోతే నన్ను పరీక్షకు కూర్చోనివ్వరు" అని బతిమాలింది. డానీ బండి పార్క్ చేసి చక్కగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తను మూడు నెలలు గొంతు చించుకున్నా కదలనివాడు, ముక్కూమొహం తెలియని పిల్ల అడిగితే కదిలాడు! సంతోషపడాలో తల బాదుకోవాలో జయశీలకు అర్థం కాలేదు.

తలుపు దగ్గర ఆమెను చూడగానే డానీ మొహం మారింది. "అక్కా! గిది నీ పనేనా?"

"ఇగ మాట్లాడకు. కూసో."

మనీషా స్కేలు పెట్టి కొలిచింది. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఇరవై మూడు మిల్లీమీటర్లు. నలభై దాకా రావాలి. చిన్న అద్దం లోపలికి దూర్చి, చివరి దవడపన్ను వెనక చాలాసేపు చూసింది. తర్వాత లేచి ప్రొఫెసర్ మేడంను పిలుచుకొచ్చింది. ఆ పన్ను వెనక చింతగింజంత తెల్లమచ్చ ఉంది. ముక్క తీసి పరీక్ష చేయాలని మేడం చెప్పగానే డానీ అక్క చెయ్యి పట్టుకున్నాడు.

ఆ ముక్క జయశీల గదికే వచ్చింది. తోటి టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు, ఇంకొకరికి ఇచ్చే వీల్లేదు. సీసా మీద పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. ఆ నంబరు ఆమెకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా గుర్తుంది. మొదటిసారి కోసిన పొర చిరిగింది. రెండోది మడత పడింది. బ్లేడును తిట్టింది, మైనాన్ని తిట్టింది. బ్లేడు మార్చి, మైనం దిమ్మను ఐస్ మీద చల్లబరిచి మళ్లీ కోస్తే నాలుగోసారికి సరైన పొర వచ్చింది.

రంగులద్దాక, చూడకూడదనుకుంటూనే చూసింది. ఆరోగ్యమైన బుగ్గలో పైపొర మందంగా ఉండి, దాని అడుగు అంచు అలలు అలలుగా కింది కణజాలంలోకి దిగి ఉంటుంది. ఇక్కడ ఆ అలలు లేవు. అంచు గీత గీసినట్టు చదునుగా ఉంది. కింద గులాబీరంగు ముద్ద తప్ప నెత్తురు నాళాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. ఆమె కళ్లు వెతికింది క్యాన్సర్ గుర్తు కోసం. పైపొరలో అన్నిటికన్నా కింది వరుస కణాలు అంచు దాటి కిందికి చొచ్చుకుపోయాయా? లేదనే అనిపించింది. కానీ తన కళ్లను తను నమ్మలేదు.

మేడం వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. మధ్యలో ఫోన్ వస్తే తీసి, ఇంటి పెయింటింగ్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడింది. జయశీల బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"క్యాన్సర్ లేదు జయా. కానీ పైపొరలో మార్పులు మొదలయ్యాయి. ఇప్పుడు గుట్కా మానకపోతే మాత్రం నేనేమీ చెప్పలేను."

మర్నాడు జయశీల తమ్ముణ్ని ఆ గదిలోకే తీసుకొచ్చి, పక్కపక్కన రెండు మైక్రోస్కోపుల్లో రెండు పలకలు పెట్టింది. ఒకటి మామూలు బుగ్గది, ఒకటి అతనిది. డానీ అటూ ఇటూ మార్చి మార్చి చూశాడు.

"గిది నాదా? గింత ఖాళీగ ఉన్నదేంది అక్కా?"

"నెత్తురు పారాల్సిన జాగ అది."

డానీ జేబులోని గుట్కా పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ పూటతోనే అంతా బాగైపోయిందనుకుంటే పొరపాటే. రెండో నెలలో అతని దగ్గర మళ్లీ గుట్కా వాసన వచ్చింది. క్యాబ్‌ల పార్కింగ్‌లో, తోటి డ్రైవర్లందరి ముందూ జయశీల దులిపేసింది. డానీ వారం రోజులు అలిగి, మళ్లీ దారికొచ్చాడు. మాత్రలు, బుగ్గలో ఇంజెక్షన్లు, రోజూ పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పెట్టి దవడ సాగదీయడం. ఎనిమిది నెలలకు ఇరవై మూడు కాస్తా ఇరవై తొమ్మిది అయింది. అక్కడ ఆగిపోయింది. తాళ్లైన దారాలు తిరిగి మెత్తబడవని మేడం చెప్పింది. మచ్చ పెరగలేదు. ఇంట్లో రెబెక్కా రెండు గిన్నెల్లో రెండు రకాల కూరలు వండలేక రోజూ సణుగుతూనే ఉంది.

ఆ ఏడాది చివర విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షకు మేడం డానీ బుగ్గ పలకను కూడా పెట్టింది. కాగితాలు సర్దుతూ జయశీల జవాబులు చూసింది. సగానికి సగం మంది "ఆరోగ్యమైన బుగ్గ పొర" అని రాశారు.

మర్నాడు మేడం దగ్గర అరగంట అడిగి తీసుకుంది. ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, నలభై మంది విద్యార్థులనూ వరుసలో నిలబెట్టింది.

"సక్కగ చూసేదాంక ఎవ్వరూ బయటికి పోవద్దు."

మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. వరుసలోంచి ఎవరూ కదల్లేదు.