నల్లకాగితం వెనక ఊపిరి

మా పరిశోధక డాక్టరమ్మను వార్డులో అందరూ రూళ్ళకర్ర అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పద్నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గర టెక్నీషియన్‌గా పడి ఉన్నాను, ఆ మాత్రం హక్కు నాకుంది. ఎదురుగా ఎవరైనా కునికితే చాలు, వాళ్ళ ఊపిర్లు లెక్కపెట్టేస్తుంది. సొంత మొగుడి గురకకు గ్రాఫు గీసిందని ఒక పుకారు. నేనే అడిగాను. కాదనలేదు.

ఆవిడ పనంతా పుట్టగానే ఏడవని పిల్లల గురించి. కాన్పులో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న బిడ్డను ఆరు గంటల్లోపు చల్లటి నీళ్ళు తిరిగే పరుపు మీద పడుకోబెడితే మెదడు కొంతైనా దక్కుతుంది. దెబ్బ పెద్దదైతే ఎవరికైనా తెలుస్తుంది. తేలికపాటిదని పక్కన పెట్టినవాళ్ళలోనే కొందరు, ఏడాది తిరిగినా మెడ నిలపరు. అలాంటివాళ్ళను మొదటి రోజే పట్టించే గుర్తు వాళ్ళ ఊపిరి నడకలో ఉందని ఆవిడ అనుమానం.

అందుకని బిడ్డ పొట్టకు సన్నటి పట్టీ కట్టి, ఊపిరి గీతను మిషన్లో ఎక్కించేవాళ్ళం. తెరకు మాత్రం ఆవిడే నల్లకాగితం అంటించేది. రెండువందల మంది పిల్లలు పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదు. చూస్తే వైద్యం మారుతుంది. వైద్యం మారితే గీత చెప్పింది నిజమో కాదో ఎప్పటికీ తేలదు. మంచి నియమమే, నేను కాదనను.

అరవై మూడో బిడ్డ ఆవిడ చెల్లెలి కొడుకు.

పిల్లల డాక్టరు చూసి దెబ్బ తేలికపాటిదే, చల్లపరుపు అక్కర్లేదన్నాడు. తల్లి మనసు ఒప్పుకోలేదు. చక్రాల కుర్చీలో వచ్చి, అక్క కొంగు పట్టుకుంది.

"ఒక్కసారి ఆ కాగితం తీసి చూడక్కా. వీడు ఊపిరి తీస్తుంటే నాకెందుకో తేడాగా ఉంది."

"భయపడకే. డాక్టరు చూశారుగా."

"నువ్వు చూడు. నాకు నువ్వు చెప్తే చాలు."

"మన పిల్లాడని చూస్తే, మిగతా పిల్లలకి ఏం సమాధానం చెప్పనే?"

నాకు ఉండబట్టలేదు. కాగితం అంచు మీద చెయ్యి వేశాను. "మేడం, మీరు అటు తిరగండి, నేను చూస్తాను" అన్నాను.

"చెయ్యి తీయండి" అంది.

తీశాను. నోరున్నవాడినని పేరు నాకు. ఆ ఒక్క పూట ఆవిడతో వాదించలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడేళ్ళ తర్వాత లెక్కలు విప్పాం. ఆవిడ అనుమానం నిజమైంది. కుర్రడాక్టర్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం ఒకే ఒక్క నంబరు వెతికింది. అరవై మూడు. రెండో గంటకే ఊపిరి తడబడుతోంది. నాలుగో గంటకు కళ్ళున్న ఎవరికైనా కనబడుతుంది.

"గీత శుభ్రంగా వచ్చింది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో ఆవిడ మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది. "చెల్లికి నేనే చెప్పాలి. ఒక్కదాన్నే వెళ్ళలేను, తోడు వస్తారా?" అనడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఇద్దరం బయల్దేరాం.

రెండో అంతస్తులో చిన్న ఇల్లు. పిల్లాడు బెల్టులున్న కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. మూడేళ్ళవాడు, మెడ ఇంకా నిలవలేదు. చెల్లెలు నాకు కుర్చీ జరిపి, "కూర్చోండన్నయ్యా" అంది. డాక్టరమ్మ నిలబడే చెప్పింది, ఏదీ దాచకుండా.

చెల్లెలు గిన్నెలో అన్నం మెత్తగా మెదుపుతూ విన్నది.

"ఆరోజు చూసుంటే ఏం చేసేదానివక్కా?"

"పిల్లల డాక్టరుతో పోట్లాడైనా సరే, పరుపు మీద పెట్టించేదాన్ని."

"బాగయ్యేవాడా?"

"చెప్పలేను. అవకాశం ఉండేది."

చెల్లెలు పిల్లాడి గడ్డం తుడిచి, తలకింద చెయ్యి ఆనించింది.

"నీ లెక్క సరిగ్గా వచ్చిందిగా. ఇంక వెళ్ళక్కా. వాడికి అన్నం పెట్టే టైమైంది."

డాక్టరమ్మ చెంచా అందుకోబోయింది. చెల్లెలు గిన్నె అటు జరిపేసుకుంది.