అద్దంతో కాపలా

మా ఫౌజు కంపెనీ భద్రాచలం అవతల అడవిలో దిగినప్పుడు ఎండాకాలం మొదలవుతోంది. ఎనభైల్లో మాట. వాగు ఎండిపోయి అడుగున రాళ్ళు తేలి ఉన్నాయి. అంతకుముందు సంవత్సరం వరదకు పాత వంతెన కొట్టుకుపోయింది. వానల్లోపు ఇనుప వంతెన నిలబెట్టమని ఆర్డరు. పొద్దున ఆరుకి పని మొదలు. పదకొండుకి ఎండ తట్టుకోలేక ఆపేవాళ్ళం. మళ్ళీ నాలుగు నుంచి చీకటి పడేదాకా. గుడారాలు టేకు చెట్ల కింద వేశాం. ఆ రుతువులో టేకు ఆకు రాలుస్తుంది, నీడన్నది ఉండదు. ఆ చోటు ఎంచిన మహానుభావుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫౌజులో పనిచెయ్యని వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ప్రతి జవానుకీ ఒక నల్ల ఇనుప పెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో తన పేరు, నంబరు తనే రాసుకుంటాడు. మనిషి సెలవు మీద పోయినా, దవాఖానాలో పడినా పెట్టె అతని చోటులోనే ఉంటుంది. దాని మీద మడతపెట్టిన పరుపు. పెట్టె ఉన్నంతకాలం ఆ మనిషి కంపెనీలో ఉన్నట్టే. పెట్టె కదిలిందంటే ఇక అతను రాడని. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. కానీ అందరికీ తెలుసు.

మూడో నెలలో ఒక సాయంత్రం తాడు జారి ఇనుప ఫ్రేము నా వైపు తిరిగింది. తప్పించుకోవడానికి వెనక్కి అడుగేశాను. వెనక ఇంకా వంతెన వెయ్యలేదు. వాగులో రాళ్ళ మీద వెల్లకిలా పడ్డాను. నొప్పి పెద్దగా లేదు, నన్ను భయపెట్టింది అదే. హవల్దారు పైనుంచి కదలొద్దని అరిచాడు. కదలాలన్నా కాళ్ళు నా మాట వినలేదు.

మా వైర్‌లెస్ ఆపరేటరుది పెనుబల్లి. నాది మధిర పక్క పల్లె. కంపెనీలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. "ఒక మనిషి పడ్డడు. నడుము. బండి కావాలె, జల్దీ," అని సెట్టులో హిందీ మరిచిపోయి తెలుగులో చెప్పాడట. నన్ను చెక్క పలక మీద కట్టి ట్రక్కెక్కించారు. దవాఖానా వచ్చేదాకా నా తల కదలకుండా వాడే రెండు చేతులతో పట్టుకున్నాడు. దారంతా ఒకటే మాట.

"నీ పెట్టె ఎవ్వడు ముట్టడు. నేనున్న గదరా."

వెన్నుపాముకు దెబ్బ తగిలిందన్నాడు డాక్టరు. ఆ రోడ్ల మీద పెద్దాసుపత్రికి తీసుకుపోతే ఇంకా చెడుతుందట. ఎముక అతికేదాకా వెల్లకిలా పడుకోవాలి, తల ఎత్తకూడదు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు నన్ను పక్కకి తిప్పేవాళ్ళు. ఎర్రుపాలెం నుంచి మా అక్క వచ్చి నా మంచం పక్కన చాప వేసుకుంది. నడుస్తానా అని అడిగితే డాక్టరు, "చూద్దాం," అనేవాడు. అక్క, "ఎందుకు నడవవు?" అనేది. నేను అక్క మాటే నమ్మాను.

ట్రైనింగులో మాకు చాలా నేర్పారు. ఊరికే పడుకోవడం నేర్పలేదు. నా ముందు ఉన్నది పైకప్పు, ఒక ఫ్యాను, ఒక బల్లి. రెండో వారానికి బల్లి దినచర్య నాకు కంఠతా వచ్చింది. కరెంటు పోయినప్పుడు అది ఫ్యాను రెక్క మీద కూర్చునేది. అది కూర్చున్నాక కరెంటు రావాలని మనసులో మొక్కుకునేవాణ్ణి. ఒక మనిషి అంత నీచానికి దిగాడంటే ఎంత విసుగెత్తి ఉంటాడో మీరే ఆలోచించుకోండి.

పక్క మంచం ఒక ఫారెస్టు గార్డుది. తొడ విరిగితే కాలికి ఇసుక సంచి వేలాడదీశారు. వయసులో నాకంటే పెద్ద. అతనికి కిటికీ అందేది. ఒకరోజు గడ్డం గీసుకుంటూ నన్ను చూసి, చేతిలో అద్దం నాకిచ్చాడు.

"తమ్మీ, గిది పట్టు. గిట్ల వంచితే గేటు కనిపిస్తది."

వంచాను. గేటు కనిపించింది. దాని అవతల టీ బండి, వెదురు లోడుతో ఒక లారీ. నాకు ఏడుపొచ్చింది. టీ బండిని చూసి ఏడ్చినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ రోజే పోస్టు పెట్టాం. గార్డు మంచం పోస్టు నంబర్ వన్, నాది నంబర్ టూ. రెండు గంటల డ్యూటీ, రెండు గంటల విశ్రాంతి. గేటు లోపల ఏది కదిలినా రిపోర్టు ఇవ్వాలి. గార్డుకు సెట్టు భాష నేర్పాను.

"పోస్టు నంబర్ టూ, విను. గేటు కాడ బర్రె ఒకటి. లోపలికొస్తదా, పోతదా తెలుస్తలేదు. ఓవర్."

"నిఘా పెట్టు అన్నా. ఓవర్."

"సిస్టరొచ్చి తోలింది. ఓవర్."

సిస్టర్ మా ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకుంది. కానీ డ్యూటీ వేళకు అన్నం తెస్తే, "పోస్టు మారినంక తింటరా?" అని అడిగేది.

ప్రతి ఆదివారం రేషన్ ట్రక్కులో ఆపరేటరు వచ్చేవాడు. వాడు గేటు దాటడం అద్దంలో ముందే చూసి గార్డుకి చెప్పేవాణ్ణి. వారమంతా నేను ఎదురుచూసింది ఆ కదలిక కోసమే. వాడు స్టూలు మీద కూర్చుని వంతెన ఎంతదాకా వచ్చిందో చెప్పేవాడు. చివర్లో నేను అడిగేవాణ్ణి. "నా పెట్టె?" వాడు నవ్వి, "నీ జాగల్నే ఉంది. రోజూ తుడుస్తున్న," అనేవాడు. ఆ మాటతో ఇంకో వారం పైకప్పును భరించేవాణ్ణి.

వానలు మొదలయ్యాయి. ఒక ఆదివారం నన్ను ఎక్స్‌రే గదికి తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి ఆపరేటరు స్టూలు మీద ఉన్నాడు. అక్క కిటికీ వైపు తిరిగి నిలబడింది. గార్డు కళ్ళు మూసుకుని ఉన్నాడు. రేకుల మీద వాన దంచుతోంది.

"బ్రిడ్జి?"

"ఇంకా పనుంది."

"నా పెట్టె?"

"టెంట్లనే ఉంది. యాడికి పోతది?" అని, "ఉండు, బూటు లేసు ఊడింది," అంటూ కిందికి వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక నా భుజం నొక్కి వెళ్ళిపోయాడు. వాడు గేటు దాటేదాకా అద్దంలో చూశాను. బురద ప్యాంటు వెనక చిమ్ముతోంది. ఆ పూట గార్డు రిపోర్టు ఇవ్వలేదు.

తర్వాత వచ్చిన ఆదివారం వాడు రాలేదు. ఆ పైవారమూ రాలేదు. వాగులు పొంగి ఉంటాయని సర్దిచెప్పుకున్నాను.

ఒక పొద్దున కొత్త ఆయమ్మ గచ్చు తుడవడానికి వచ్చింది. నా మంచం కిందికి గుడ్డ పెట్టింది. అప్పుడు వినిపించింది, ఇనుము గచ్చు మీద ఈడ్చిన చప్పుడు. బ్యారక్‌లో రోజూ విన్న చప్పుడు అది, పొరబడే వీల్లేదు. అద్దం పట్టుకున్న చెయ్యి మంచం పక్కనుంచి కిందికి చాచి వంచాను. నల్ల మూత. దాని మీద తెల్ల అక్షరాలతో నా పేరు, నా చేత్తో రాసింది, అద్దంలో తిరగబడి.

"అక్కా, ఇదెప్పుడొచ్చింది?"

అక్క చాప మీద కూర్చుండిపోయింది. జాకెట్టు పిన్నీసుకి ఒక తాళంచెవి వేలాడుతోంది. ఇంటిదనుకుని అన్నాళ్ళూ పట్టించుకోలేదు.

"ఎక్స్‌రే తీసిన్నాడు. ఆ పిలగాడే తెచ్చిండు."

"కంపెనీ ఏది?"

"బ్రిడ్జి అయిపోయిందిరా. అందరు ఎల్లిపోయిండ్రు."

"నా కాళ్ళు?"

కొంగు నోట్లో కుక్కుకుంది. "డాక్టరు మొదట్లనే చెప్పిండు. నీకు చెప్పొద్దని అందరికి నేనే మొక్కిన. ధైర్యం చెడుతవని."

నేను గార్డు వైపు మాట విసిరాను. "పోస్టు నంబర్ వన్. నా మంచం కింద పెట్టె పెడితే రిపోర్టు ఎందుకియ్యలే?"

"నా వల్ల కాలె తమ్మీ," అన్నాడు. ఓవర్ అనలేదు.

వాళ్ళంతా ప్రేమతోనే చేశారని తర్వాత చాలామంది నాకు చెప్పారు. కావచ్చు. నా శరీరం సంగతి కొత్త ఆయమ్మకు తప్ప వార్డంతటికీ తెలుసు, నాకు తెలియదు. శత్రువు చేస్తే దానికి వేరే పేరుంది. నా వాళ్ళు చేశారు కాబట్టి నేను అర్థం చేసుకోవాలట. నేను చేసుకోలేదు.

అద్దం బోర్లా పెట్టేశాను. అక్కతో మాట్లాడలేదు. ఆమె తినిపిస్తే తిన్నాను, అంతే. మొదట్లో కోపంతో పొద్దు బాగానే గడిచింది. తర్వాత కోపం కూడా పైకప్పులాగే అయింది, ఎంతసేపు చూసినా అదే. అవతలి మంచం మీంచి గార్డు మాత్రం వేళకు రిపోర్టు ఇస్తూనే ఉన్నాడు. "గేటు కాడ పాత బర్రె. ఓవర్." జవాబు లేకపోయినా ఇచ్చాడు. ఒక సాయంత్రం అద్దం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. క్షమించి కాదు. విసుగు పుట్టి.

ఎముక అతికాక నన్ను జీపులో ఖమ్మం, అక్కడినుంచి రైల్లో మధిర తెచ్చారు. పెట్టె నా పక్కనే వచ్చింది. ఇంటి దగ్గర అక్క తాళం తీసింది. దుప్పటి అంచులు కలిపి మడతపెట్టి ఉంది. మగ్గు, షేవింగు సామాను గుడ్డలో చుట్టి ఉన్నాయి. అడుగున నా బూట్లు. అద్దంలా పాలిష్ చేసి, కొత్త లేసులు ఎక్కించి ఉన్నాయి. అక్క వాటిని తీసి ఎక్కడ పెట్టాలో తెలియక నా వైపు చూసింది. లోపల పెట్టి మూత వెయ్యమన్నాను.

వాడు మళ్ళీ రాలేదు. నేనూ వాకబు చెయ్యలేదు. చక్రాల కుర్చీలో చాలా ఏళ్ళు గడిచాయి. వానకు రేకులు మోగినప్పుడల్లా ఆ ఆదివారం ముందుకొచ్చి నిలబడుతుంది. గేటు వైపు నడిచిపోతూ, ప్యాంటు వెనక బురద చిమ్మించుకుంటూ వాడు. బూట్లు బురదను అలా చిమ్మవు. ఆ రోజు వాడి కాళ్ళకు ఉన్నవి రబ్బరు చెప్పులు. స్టూలు మీంచి వంగి, లేసు ఊడిందంటూ, వాడు నా పెట్టెను నా కిందికి ఇంకాస్త లోపలికి నెడుతున్నాడు.