సారు పేరున్న పేజీ

ఆదోనిలో చదివేటప్పుడు మా హాస్టల్ నెట్‌వర్క్‌లో సినిమాలు, పుస్తకాలు ఎక్కించే మొనగాణ్ణి నేనే. మా లెక్కల సారు ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఏళ్ల తరబడి కూర్చుని ఒక పుస్తకం రాసి, సొంతంగా అచ్చు వేయించుకున్నారు. మాది పెద్దకడుబూరులో కూలి చేసుకునే ఇల్లని తెలిసి నాకొకటి ఉత్తినే ఇచ్చారు. నేను దాన్నే స్కాన్ చేసి నెట్‌వర్క్‌లో పెట్టాను. గొడవవుతుందని సారు పేరు, మగ్గం నేసి ఆయన్ని చదివించిన అమ్మకు రాసిన అంకితం ఉన్న మొదటి పేజీ మాత్రం తీసేశాను. తర్వాత ఆ పుస్తకం కొన్నవాడు లేడు. నేనేమో అందరికీ మేలు చేసినట్టు కాలరెగరేసుకుని తిరిగాను.

ఒకరోజు సారు పిలిచారు. ఆయనిచ్చిన పుస్తకంలో నేను గీసుకున్న పెన్సిల్ గీతలు స్కాన్‌లో అలాగే ఉన్నాయని, వాటితోనే దొరికిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన తిట్టలేదు. ఎర్ర సిరాతో దిద్దిన కాగితం చేతిలో పెట్టారు.

"నలభయ్యో పేజీలో లెక్క తప్పు పడిందప్పా. నేనే సూసుకోలేదు. నువ్వు పెట్టిన దాంట్లో మార్సు. పిల్లోళ్లు తప్పు నేర్సుకుంటారు."

ఆ పేజీ ఆ సాయంత్రమే మార్చాను. ఆయన పేరున్న పేజీని మాత్రం తిరిగి పెట్టలేదు. పెడితే దొంగనని నలుగురికీ తెలుస్తుందని.